దయచేసి అర్థమయ్యేలా రాయకండి

ఈమధ్య మార్కెటింగ్‌లో ఒక దుష్ట సంప్రదాయం మొదలైంది. తాము అమ్మేదేమిటో, కొన్నవాళ్లకు అది ఎందుకు పనికొస్తుందో కొందరు ఒక్క ముక్కలో చెప్పేస్తున్నారు. కస్టమర్‌కు చదవగానే అర్థమైపోతోంది. ఇలాగైతే మన వృత్తి గౌరవం ఏం కాను?

2001లో ఐపాడ్ తెచ్చినప్పుడు యాపిల్ చేసిన ఘోరం ఇదే. లోపల 5 గిగాబైట్ల హార్డ్ డిస్క్ పెట్టుకుని, ఆ సంగతి ముందుకు తేకుండా 'మీ జేబులో వెయ్యి పాటలు' అంది. గిగాబైటంటే ఏమిటో తెలియనివాళ్లక్కూడా విషయం తెలిసిపోయింది. రహస్యాలు ఇలాగే బయటపడతాయి.

పద్ధతి తెలిసిన ఆఫీసుల్లో ఇలా జరగదు. బిల్లు కట్టాల్సిన తేదీని గుర్తుచేసే యాప్ ఉందనుకుందాం. కొత్తగా చేరిన కుర్రాడు, పాపం, 'బిల్లు గడువు దాటకముందే గుర్తుచేస్తాం' అని రాసుకొస్తాడు. మీటింగులో ఎవరూ మాట్లాడరు. 'మరీ సింపుల్‌గా లేదూ?' అంటారు మేనేజర్ గారు. 'గుర్తుచేస్తాం' పోయి 'స్మార్ట్' వస్తుంది. ఏఐ పేరు లేకపోతే తమ కష్టం ఎవరికి తెలుస్తుందని ఇంజినీర్లు అలుగుతారు. 'దాటకముందే' అంటే హామీ ఇచ్చినట్టవుతుందని లీగల్ వాళ్లు కొట్టేస్తారు. 'ప్రయాణం' అన్న మాట పడందే బ్రాండ్ టీమ్ కదలదు. (ఈ రోజుల్లో టూత్‌పేస్ట్ కొన్నా ప్రయాణమే.) చివరికి తేలింది ఇదీ: 'మీ ఆర్థిక ప్రయాణాన్ని శక్తిమంతం చేసే ఏఐ ఆధారిత సమగ్ర స్మార్ట్ వేదిక.' అందరూ చప్పట్లు కొడతారు. బిల్లు ఎక్కడుందని మాత్రం అడక్కండి. అది మూడో సవరణలోనే పోయింది.

పైగా ఎంత ఉదారమైన వాక్యమో చూడండి. పోటీ కంపెనీ వాళ్లు పేరు మార్చి రేపే వాడుకోవచ్చు. బీమాకూ, అప్పులకూ, చిట్టీలకూ సరిపోతుంది.

కుర్రాడు ఊరుకోడు. 'కస్టమర్లనే అడిగి, వాళ్ల మాటల్లోనే రాద్దాం సార్' అంటాడు. అడిగితే వాళ్లేమంటారు? 'తేదీ మర్చిపోయానండీ, ఫైన్ పడింది' అంటారు. ఈ భాష తీసుకెళ్లి స్లైడ్ మీద పెడతామా? వాళ్లకు వాళ్ల ఫైన్ గొడవే తప్ప మన విజన్ అక్కర్లేదు.

యాప్ విడుదలయ్యాక 'ఇంతకీ ఇదేం చేస్తుందండీ?' అంటూ ఫోన్లు మొదలవుతాయి. టెన్షన్ పడకండి. నెలాఖరు రిపోర్టులో వాటిని 'కస్టమర్ ఎంగేజ్‌మెంట్' కింద చూపించుకోవచ్చు.