డార్సీకి ఆవిడ పిన్నా, మేనత్తా?

బరంపురం తెలుగువాళ్ళకి నిన్నమొన్నటి దాకా రెండే వ్యసనాలు. ఎండ కనిపిస్తే డాబా మీద వడియాలు పెట్టడం ఒకటి. 1936 ఏప్రిల్ 1న పాత గంజాం జిల్లా ముక్కలై, బరంపురం ఒడిశా వాటాకి పోయిన సంగతిని నిన్న సాయంత్రం జరిగినట్టు మాట్లాడుకోవడం రెండోది. ఇప్పుడు మూడోది పట్టుకుంది. పాతకాలపు ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదివి, మూసి, అలమరలో పెట్టి ఊరుకోరు. ఆవిడ ఆపిన చోట తాము అందుకుంటారు, ఆవిడ మనుషుల్ని మన ఊళ్ళోకి దింపి మళ్ళీ రాస్తారు. దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళయితే ఫోను పిచ్చి అంటారు. ఒక చేత్తో కాకుల్ని తోలుతూ రెండో చేత్తో ఫోనులో పన్నెండో అధ్యాయం టైపు కొట్టేస్తున్న వాళ్ళని మానమంటే మానతారా? పద్ధతిగా చెయ్యమనడమే లోకహితం.

ఇదేదో పరాయి రోగమని పెద్దలు కంగారు పడనక్కర్లేదు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి నడుమ ఖాళీ పూరించాడు. నన్నయలా మొదలెట్టి తిక్కనలోకి జారాడు. పైగా అంకితం తన కాలపు రాజుకి ఇవ్వలేదు, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు, నన్నయే రాసినట్టు. మూలానికి ఇంత కట్టుబడిన అభిమాని మళ్ళీ పుట్టలేదు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఏడో అధ్యాయం దగ్గర ఆపేసి 'పరీక్షలున్నాయి, తర్వాత కొనసాగిస్తాను' అని మాయమైపోలేదు.

ఆస్టిన్ ఇంట్లోనూ ఈ పని మొదలెట్టింది బయటివాళ్ళు కారు. ఆవిడ 1817లో పోయింది. ఆ మరుసటి ఏడు పుట్టిన మేనకోడలు కేథరిన్ హబ్బాక్, మేనత్త సగంలో వదిలేసిన నవల ఒకదాన్ని తన పద్ధతిలో పూర్తిచేసి 1850లో అచ్చు వేయించింది. మేనత్త సొత్తు మీద మేనకోడలికి హక్కుంటుందని మనకి ఒకరు చెప్పాలా?

హక్కు అంటే గుర్తొచ్చింది. మన చట్టం ప్రకారం కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడు మొదలు 60 ఏళ్ళు లెక్క. ఆస్టిన్ ఎప్పుడో దాటేసింది. 1952లో పోయిన అడవి బాపిరాజు 2013 నుంచి అందరివాడు. చలంగారి మీద చెయ్యి వెయ్యాలంటే 2039 చివరిదాకా ఆగాలి. ఇంకో గొయ్యి ఉంది చూసుకోండి. నవల ఉచితమే గాని, దాని మీద తీసిన సినిమాలూ సీరియళ్ళూ ఉచితం కావు. కథానాయకుడు డార్సీ తడి చొక్కాతో చెరువులోంచి వచ్చే ఘట్టం నవలలో ఎక్కడా లేదు, అది 1995 నాటి టీవీ సీరియల్‌ది. కొత్తవాళ్ళలో సగంమంది మూడో అధ్యాయంలోనే డార్సీని గోపాలపూర్ సముద్రంలో ముంచి తీస్తారు. నవల చదవలేదని సొంత చేతుల్తో సంతకం పెట్టడమే అది.

చదివారో లేదో తేల్చేది దస్తరం. నూరు పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొని, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 61 అధ్యాయాలూ మళ్ళీ చదువుతూ నాలుగు గళ్ళు నింపాలి: వయసు, ఆదాయం, దూరం, ఎవరికి ఏ సంగతి ఏ అధ్యాయంలో తెలిసింది. డార్సీకి 28, నాయిక ఎలిజబెత్‌కి ఇంకా 21 నిండలేదు. ఆమె ఇల్లు లాంగ్‌బోర్న్ నుంచి, డార్సీ స్నేహితుడు బింగ్లీ దిగిన నెదర్‌ఫీల్డ్ మూడు మైళ్ళు. డార్సీ మొదటిసారి పెళ్ళికి అడగడం 34వ అధ్యాయంలో, అతని ఉత్తరం 35లో, ఆమె చెల్లెలు లిడియా లేచిపోయిన కబురు 46లో, రెండోసారి అడగడం 58లో. నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యం. అది ఖాళీగా ఉంటే మీ కథలో ఎలిజబెత్ తనకింకా తెలియని సంగతికి ఏడుస్తూ ఉంటుంది.

ఈ లెక్కలన్నీ చిన్నవి. అభిమానికి ఆ చిన్నతనమే గిట్టదు. డబ్బు సంగతే తీసుకోండి. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్‌గారికి ఏడాదికి 2,000 పౌన్లు, డార్సీకి 10,000. అంటే ఒకటికి అయిదు. బెన్నెట్‌గారిని ఏడాదికి నాలుగు లక్షలు వచ్చే బరంపురం బడాబజారు బట్టల వ్యాపారిని చేస్తే, డార్సీకి ఇరవై లక్షలు రావాలి. ఇరవై లక్షలంటే బెంగుళూరులో ఉద్యోగం. అది చూసి మన రచయితకి నీరసం వస్తుంది. వెంటనే డార్సీకి వంద కోట్లూ హెలికాప్టరూ ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఎలిజబెత్ కాదంటే ఆత్మాభిమానంలా కనిపించదు, పిల్లకి మతి చలించిందనిపిస్తుంది. ఒకటికి అయిదు దాటితే కథ మారిపోతుంది. బింగ్లీ దగ్గర మాత్రం మన జిల్లా అదృష్టవంతమైంది. అతనిది ఉత్తరాన వ్యాపారంలో తాతల కాలంలో కాక తండ్రి కాలంలో వచ్చిన డబ్బు. గంజాంలో అలాంటి డబ్బుకి సూరత్ అని ఊరి పేరే ఉంది. కుర్రాడి నాన్న పాతికేళ్ళు మరమగ్గాల మధ్య గడిపాడని ఒక్క ముక్క రాస్తే చాలు.

వాన విషయంలోనూ అదే జబ్బు. ఏడో అధ్యాయంలో తల్లి బండి ఇవ్వకుండా పెద్దకూతురు జేన్‌ని నెదర్‌ఫీల్డ్‌కి గుర్రం మీద పంపుతుంది. వాన పడితే పిల్ల అక్కడే ఉండిపోతుందని ఆవిడ ఎత్తు. దీన్ని మనవాళ్ళు తిన్నగా 2013 అక్టోబరు 12 రాత్రికి, ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఘడియకి తెచ్చి పెడతారు. అధికారులు మైకుల్లో వద్దు వద్దంటుంటే కూతుర్ని స్కూటీ మీద తోలిన తల్లి హాస్యపాత్ర ఎలా అవుతుంది, కేసవుతుంది. ఆస్టిన్ పెట్టింది వాన, పిల్లకి వచ్చింది పడిశం. అంతే ఉంచండి. నెదర్‌ఫీల్డ్‌ని గోపాలపూర్ బీచిలో పెట్టాలన్న మోజు కూడా చంపుకోండి. అక్కని చూడ్డానికి ఎలిజబెత్ బురదలో నడిచింది మూడు మైళ్ళు, అంటే అయిదు కిలోమీటర్లు లోపు. బడాబజారు నుంచి గోపాలపూర్ దానికి మూడింతలు. అంతదూరం నడిచిన పిల్లకి లంగా అంచు బురద ఒక లెక్కా? ఆమెకే సెలైన్ ఎక్కించాలి.

నాట్యసభ బదులు బరంపురం అమ్మవారి ఠాకురాణి జాతర పెట్టడం మాత్రం మంచి ఆలోచన. వీధినిండా వేషాలు, డప్పులు, ఊరంతా ఒకచోట, ఒక మూల నిలబడి ఎవరితోనూ కలవని పెద్దమనిషి. అయితే జాతర రెండేళ్ళకోసారి, చైత్రంలో. మీ కథ ఏడాది లోపు జరుగుతూ అందులో రెండు జాతరలుంటే, జాతర జరిగే దేశిబెహెరా వీధి పాఠకులు మిమ్మల్ని ఇంటికొచ్చి అడుగుతారు.

ఇంతవరకూ సర్దుకోవచ్చు. అసలు గండం వరసలు. ఇంగ్లీషువాళ్ళకి ఆంటీ, కజిన్ అని రెండు గోనెసంచులు ఉన్నాయి, చుట్టాలందర్నీ అందులో పోసేస్తారు. తెలుగులో సంచి విప్పి ఒక్కొక్కర్నీ బయట పెట్టాలి. లేడీ కేథరిన్ తన కూతుర్ని డార్సీకి ఇవ్వాలని ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకుందట. బాగుంది. కాని ఆవిడ డార్సీ తల్లికి తోడబుట్టింది. అంటే పిన్నో పెద్దమ్మో. ఏదో ఆస్టిన్ చెప్పలేదు, ఆవిడకి ఆ అవసరం రాలేదు. ఏదైనా సరే, పిల్ల డార్సీకి చెల్లెలు వరస. ఇలా రాసి పంపిన క్షణంలో తెలుగు పాఠకుడు ఫోను బోర్లా పెట్టేస్తాడు.

సరే, ఆవిడని నాన్న చెల్లెల్ని చేసి మేనత్తగా మారుద్దాం అంటారు. మార్చండి. కల్నల్ ఫిట్జ్‌విలియం ఏమవుతాడు? నవలలో అతను లేడీ కేథరిన్ అన్నదమ్ముడి కొడుకు. అతన్ని అలాగే ఉంచితే డార్సీకి పెదనాన్న కొడుకో బాబాయి కొడుకో అవుతాడు. తాతల ఆస్తిలో అతనికీ వాటా ఉండాలి, మరి డార్సీ ఒక్కడే అంత ఆస్తిపరుడెలా అయ్యాడు? పోనీ అమ్మ వైపే ఉంచి మేనమామ కొడుకుని చేస్తే, లేడీ కేథరిన్‌కి అతను ఏమీ కాడు. ఏమీ కానివాడు పండక్కి ఆవిడింటికి ఎందుకొస్తాడు? అతను రాకపోతే 33లో మాట జారడు. అతను మాట జారకపోతే, అక్క సంబంధం చెడగొట్టింది డార్సీయే అని ఎలిజబెత్‌కి తెలియదు. అది తెలియకపోతే 34లో ఆమె కోపానికి సగం కట్టెలుండవు. ఒక పిన్నిని అత్త చేసినందుకు నవల నడుము విరిగింది. విరుగుడు ఒక్కటే కనిపిస్తోంది: కల్నల్‌ని చుట్టరికం లోంచి తీసేసి లేడీ కేథరిన్ భర్తకి స్నేహితుడి కొడుకుని చేసి, ఏటా పండక్కి ఆ ఇంటికి రావడం అలవాటు చెయ్యడం.

కాలిన్స్ ఇంకా ప్రమాదం. బెన్నెట్‌గారికి కొడుకుల్లేరు కాబట్టి ఇల్లూ భూమీ ఈ కజిన్‌కి పోతాయి. అంటే తెలుగులో జ్ఞాతి. నాన్నకి తమ్ముడి వరసైనవాడు ఎలిజబెత్‌కి బాబాయి. బాబాయి వచ్చి పెళ్ళి చేసుకుంటావా అని మోకరిల్లితే అది ప్రహసనం ఎలా అవుతుంది? దత్తత పెడితే పోదా అంటారు, పోదు. దత్తతతో గోత్రమూ వస్తుంది, వరసా వస్తుంది. దారి వీలునామాలో ఉంది. ఆస్తి తాతగారి స్వార్జితం. కొడుకు బతికినన్నాళ్ళు అనుభవించాలి, అతనికి మగపిల్లలు లేకపోతే తన కూతురి కొడుక్కి చెందాలి అని ఆయన రాసిపోయాడు. దీంతో కాలిన్స్ మేనత్త కొడుకు, అంటే బావ అయ్యాడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్ళకి వాటా ఉంది కదా అని అడిగే వకీలు పాఠకుడికీ జవాబు దొరికింది, స్వార్జితం మీద వీలునామా చెల్లుతుంది. బదులుగా కొత్త ఖర్చు ఒకటి. మేనరికం కాదన్న పిల్లని వెనకేసుకొచ్చే బెన్నెట్‌గారు ఇప్పుడు సొంత అక్కతో తగువు పడాలి. ఆ ఘట్టం ఆస్టిన్ రాయలేదు, మీరే రాయాలి. పక్కింటి ఒడియా స్నేహితురాలికి చదివి వినిపించేటప్పుడు, బావని చేసుకోవడం మా ఇళ్ళలో తప్పుకాదని ముందే చెప్పుకోండి. లేకపోతే ఆవిడ కాలిన్స్ మూర్ఖత్వం వదిలేసి దీని దగ్గరే ఆగిపోతుంది.

భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు పక్కనే పర్లాకిమిడిలో ఉండి వాడుక భాష కోసం అంత పోరాడాక కూడా, డార్సీ నోరు తెరిస్తే గ్రంథాలే రాలుతున్నాయి. అంత డబ్బున్నవాడు 'నాకు నువ్వంటే ఇష్టం' అనడం వీళ్ళకి చిన్నతనం. ఆస్టిన్ గొప్పదనం డార్సీ మాటల్లో కాదు, ఊరి గుసగుసని తన మాటగా చెప్పేసి తాను పక్కకి తప్పుకోవడంలో ఉంది. అందుకు మనకి దేవుడిచ్చిన ఒక అక్షరం ఉంది, ట.

"ఏటండీ, ఇన్నారా? ఆ పెద్ద బంగళాలోకి ఎవులో వచ్చినారట. సూరత్ డబ్బట. ఇంకా పెళ్ళి కాలేదట."

మూడు ట-లతో తల్లి ఆశ, ఊరి లెక్క, రచయిత్రి నవ్వు ఒక్కసారే వచ్చేశాయి. పేరాకి మూడు మించితే మాత్రం చెవి గిల్లుతుంది. డార్సీ ఎలిజబెత్‌ని మీరు నుంచి నువ్వులోకి దింపే ఘడియ కూడా ఇంగ్లీషులో లేనిది, పూర్తిగా మీ చేతిలోది. తొందరపాటుగాళ్ళు 34లోనే దింపేస్తారు. అక్కడ అతను మీరు అంటూనే అవమానించాలి, అప్పుడే మంట. 58లో, నడుస్తూ నడుస్తూ, ఏదో అప్రధానమైన వాక్యంలో ఒక్కసారి నువ్వు జారితే చాలు. ఆమె దాన్ని గమనించినట్టు రాయకండి.

ఇక అధ్యాయానికి రెండువేల మాటలు, వారానికి ఒకటి, చేతిలో అయిదు సిద్ధంగా ఉన్నాకే మొదటిది బయట పెట్టడం. చూసిపెట్టేవాళ్ళు ఇద్దరు కావాలి, నవల కంఠతా వచ్చినవారొకరు, అస్సలు చదవనివారొకరు. మొదటివారు తప్పులు పడతారు, రెండోవారు విసుగు పడతారు, రెండూ అవసరమే. మీ పేరుకి దగ్గర పేరున్న కొత్త చెల్లెలు ఎవరైనా బెన్నెట్‌గారి అయిదుగురు కూతుళ్ళ మధ్యకి వచ్చి, అందరికంటే తెలివిగా మాట్లాడి, డార్సీ చేత మెచ్చుకోలు అందుకుంటుంటే, నిర్దాక్షిణ్యంగా ఆమెని విశాఖ పంపెయ్యండి. నవలలో లిడియా వెళ్ళింది సముద్రమూ పటాలమూ ఉన్న బ్రైటన్‌కి, మనకి అలాంటి ఊరు విశాఖ.

చివరిగా, 59లో సంబంధం ఖాయమయ్యాక తల్లి నోటమాట రాక కూర్చుని, తేరుకుని, డార్సీకి ఏ వంటకం బాగా ఇష్టమో చెప్పవే, రేపు చేయిస్తానంటుంది. అదేమిటో ఆస్టిన్ రాయలేదు. ఇక్కడ మీ ఇష్టం. కంద బచ్చలి అని రాస్తే ఒడియా మాట్లాడే భంజనగర్ వైపువాళ్ళు మొహం పెడతారు, ఒడియావాళ్ళ పప్పుకూర దాల్మా అని రాస్తే ఇచ్ఛాపురం వాళ్ళు ఊరుకోరు. పనసకాయ కూర అని రాసి, ఆవ పెట్టారో లేదో చెప్పకుండా వంటింటి తలుపు వేసెయ్యండి.