నాలుగు దేవతల గ్రంథం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రంథం గారికి,

వాతాసే యూ గారి ‘ఫుషిగీ యూగీ’ అనే మాంగాలో (జపాను బొమ్మల కథలో) తమరు టోక్యో జాతీయ గ్రంథాలయంలో, మామూలు పాఠకులకు ప్రవేశం లేని గదిలో కొలువై ఉంటారనీ, అటుగా వచ్చిన బడిపిల్ల ముందు అలమరలోంచి తమంతట తామే కిందపడతారనీ అభిమానులందరికీ తెలుసు. 1992 నుంచి 1996 దాకా ‘షోజో కామిక్’ పత్రికలో సాగి, 18 సంపుటాలుగా వచ్చిన ఆ కథను ఆసాంతం చదివిన దాన్ని గనుక, తమరు ఆడపిల్లలను కొలువులోకి తీసుకునే పద్ధతి మీద నా అభ్యంతరాలు మనవి చేసుకుంటున్నాను.

చివరిదాకా చదివిన వారికి నాయికకున్న శక్తే వస్తుందని, కోరిక తీరుతుందని మొదట్లోనే ఊరించారు. కథానాయిక, పదిహేనేళ్ల మియాకాకు అప్పటికున్న బెంగల్లా తల్లి పట్టుబట్టిన జోనన్ హైస్కూలు ప్రవేశ పరీక్ష, ఆపైన ఆకలి. ఆ పిల్లను లోపలికి లాక్కుని, ఎర్రపక్షి సుజాకుకు పూజారిణిని చేసి, ఏడుగురు యోధులను పోగు చేసుకు రమ్మని పురమాయించారు. ఒక పరీక్షతోనే తల బొప్పికట్టిన పిల్లకు సిలబస్ కూడా చెప్పకుండా ఇంకో పరీక్ష పెట్టడం, ఎంసెట్ రోజులు చూసిన మాకే అన్యాయమనిపించింది.

జీతం మూడు కోరికలన్నారు, బాగుంది. ఆ కోరికలు తీరేకొద్దీ పిలిచిన దేవతే పూజారిణిని మింగేస్తుందన్న షరతు మాత్రం కథ చాలా దూరం నడిచాక గానీ బయటపడదు. మిమ్మల్ని జపాను భాషలోకి తెచ్చిన ఒకుదా ఎయినోసుకే మునుపటి పూజారిణి అయిన తన కూతురు తాకికోకు ఆ గతి పట్టడం చూడలేక, ఆమెను చంపి తానూ ప్రాణం తీసుకున్నాడు. అంత జరిగాక కూడా తమరు అలమర దిగడం మానలేదు.

ఇక నియమాల సంగతి. దేవతను పిలిచేదాకా పూజారిణి కన్యగానే ఉండాలట. యోధులకు మాత్రం అటువంటి పట్టింపేమీ లేదు. మియాకాను పట్టపురాణిని చేసుకుంటానన్న యోధుడు హోతోహోరి చక్రవర్తి గారు, ఆమె మనసు మరో యోధుడు తామాహోమే మీద ఉందని తేలాక, వేరొకరిని పెళ్లాడి వంశాంకురాన్ని కూడా కన్నారు. ఆ తామాహోమే నుదుటి మీద ఎర్రగా వెలిగే అక్షరం చైనావారి లెక్కలో దక్షిణ దిక్కు ఏడు నక్షత్ర మండలాల్లో ఒకదానిది, మన పుష్యమి ఉండే చోటే. నుదుటి రాత చదవలేమని మా పెద్దలు వాపోయేవారు. తమరు దాన్ని దీపం వేసి మరీ చూపించి, ఆ అబ్బాయినే ముట్టుకోవద్దన్నారు. డబ్బు కనపడితే చాలు కళ్లు మెరిసే ఆ పిల్లవాణ్ణి మించిన వరుణ్ణి చూపలేకపోయారా అన్నది నా సొంత గొడవ, పక్కన పెట్టండి.

అన్నిటికన్నా జాలి పడవలసింది మియాకా అన్న కేయ్‌సుకే మీద. చెల్లెలు లోపల యుద్ధాలు చేస్తూ, ప్రేమలో పడుతూ ఉంటే, అతడు బయట కూర్చుని అదంతా అచ్చులో చదువుకోవాలి. వద్దని అరిచినా కథ ఆగదు. లోపల నెలలు గడిచినా బయట గంటలే గడుస్తాయి గనుక అతడికి తొందరగా తెమిలిపోయింది. నెలకు రెండుసార్లు వచ్చే పత్రికలో ఈ కథ చదివిన జపాను అమ్మాయిలకు లెక్క తిరగబడింది: లోపల ఎత్తిన కత్తి దిగడానికి బయట రెండు వారాలు. ఆ ఆలస్యం తమరి ప్రమేయం లేకుండా జరిగిందంటే నేను నమ్మను.

కాబట్టి, మరో పిల్ల కాళ్ల ముందు పడబోయే ముందు పూజారిణి విధులనూ, దేవతల ఆహారపు అలవాట్లనూ అట్ట మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించవలసిందిగా కోరుతున్నాను. అది కుదరకపోతే ప్రవేశ పరీక్షల ఫలితాలు వచ్చేదాకానైనా అలమరలోనే ఉండండి.

ఇట్లు,
పద్దెనిమిది సంపుటాలూ చివరిదాకా చదివినా ఒక్క కోరికా తీరని పాఠకురాలు