అమ్మానాన్నలకు కుక్కను కొనివ్వకండి

ఈ సంచికకు ఊరి జ్ఞాపకాలు రాయమన్నారు. పిల్లలమర్రి గురించో, బాలానగర్ సీతాఫలాల గురించో రాద్దామని కూర్చున్నాను గానీ మనసొప్పలేదు. కుక్క గురించి రాస్తాను. నేను కొన్న కుక్క, వేరేవాళ్లు బతికించిన కుక్క.

2019లో మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు, అమ్మానాన్న ఇద్దరే ఉంటున్నారు కదా, తోడుగా ఉంటుందని నల్ల లాబ్రడార్ పిల్లను కొనిచ్చి, బ్రూనో అని పేరు కూడా నేనే పెట్టి, పదిహేను రోజులు ఫొటోలు తీసుకుని డాలస్ వచ్చేశాను. ముప్పై కిలోల కుక్క పొద్దున్నే గొలుసు లాగితే డెబ్బై దాటిన మనిషి మోకాళ్లు ఏమవుతాయో, మే నెలలో పాలమూరు ఎండకు అది రోజంతా బాత్రూం బండల మీద పడి ఎట్లా రొప్పుతుందో నాన్న ఫోన్లో చెప్పేవాడు. "అలవాటవుతుంది లే నాన్నా" అనేవాణ్ణి.

2022 ఏప్రిల్‌లో ఇద్దరినీ ఆరు నెలలకు ఇక్కడికి రప్పించుకున్నాం. మనందరికీ తెలిసిన తంతే. తాళంచెవి చుట్టాలకు, తులసి కుండీ పక్కింటికి. మరి కుక్క? కింద అద్దెకున్నవాళ్లు చూసుకుంటామన్నారు, నెలకు మూడు వేలు పంపాను. జూన్‌లో వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మాకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు, డబ్బులు మాత్రం నెలనెలా వాటంతటవే పోతున్నాయి.

జూలైలో ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫొటో. మా సందు చివర టిఫిన్ సెంటర్ నడిపే అక్క పంపింది. మోరీ పక్కన గజ్జి పట్టి వెంట్రుకలు ఊడిన కుక్క, మెడ చుట్టూ పుండు. "ఇది మీ బ్రూనోనే గద తమ్మీ?" కాదు అని పెట్టాను. గుర్తుపట్టే పెట్టాను. పది నిమిషాలకు ఇంకో ఫొటో వచ్చింది, ఛాతీ మీద తెల్లమచ్చ కనబడేటట్టు దగ్గరగా తీసి.

బెల్టు విప్పకుండా వదిలేశారు, అది ఒరుసుకుని పుండై వానలకు పురుగులు పట్టాయి. అక్క పిలిస్తే ఒక ఆటో అతను వెనక సీట్లో గోనెసంచి పరిచి పశువుల దవాఖానకు తీసుకుపోయాడు, ఆ వాసనకు ఆ రోజు రెండు గిరాకీలు పోయాయట. కంపౌండర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన రోజూ సాయంత్రం వచ్చి నేల మీదే కూర్చుని, టార్చి అక్క మనవడి చేతికిచ్చి, పుండులో టర్పెంటైన్ చుక్కలు వేసి, పైకి వచ్చిన పురుగుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే తీసి కొబ్బరి చిప్పలో వేసేవాడు. మొదటిరోజు నలభై ఏడు. మనవడు లెక్కపెట్టాడు. ఇంజక్షన్లతో పాటు సీతాఫలం ఆకు పసరు కూడా పిండారు, మా దిక్కు ఎద్దుల పుండ్లకు అదే మందు (సీతాఫలం గురించి రాసినట్టే అయింది). గోమార్లు ఏరింది అక్క. ప్యాకెట్ తిండి మరిగిన కుక్క మూడు రోజులు జొన్నరొట్టె ముట్టలేదు, నాలుగో రోజు మజ్జిగలో నానేసి పెడితే గిన్నె నాకేసింది. బ్రూనో పోయి నల్లోడు అయ్యాడు. అక్టోబర్‌లో అమ్మావాళ్లు తిరిగి వెళ్లాక రోజూ మా గేటు దాకా వచ్చి, అమ్మ పెట్టింది తిని, మళ్లీ అక్క దగ్గరికే పోయి పడుకునేవాడు.

పెంచుకున్న జంతువును ఆకలితో మాడేటట్టు వదిలేయడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! నాకు వేస్తే అదీ నా శిక్ష. వీధిలో పడ్డ కుక్కకు మాత్రం ఏ శిక్ష పడుతుందో చెప్పలేం. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో, రాత్రికి రాత్రి ఇరవై కుక్కల్ని తుపాకీతో కాల్చేశారు. కుక్కలంటే జనానికున్న భయాన్ని నేను తీసిపారేయను, 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడు వాటి పాలబడ్డాడు. కానీ ఆ వీధి గుంపుల్లోకి మనలాంటి వాళ్లం కొనిచ్చిన కుక్కలు కూడా చేరుతున్నాయని ఇక్కడ మనం కలుసుకునే విందుల్లో ఎవరూ మాట్లాడరు.

అందుకే అంటున్నాను, కొనివ్వకండి. తోడు కావాలంటే మీరే ఫోన్ ఎక్కువ చేయండి, టికెట్ ఖర్చు పెట్టుకుని వెళ్లండి. ఇప్పటికే కొనిచ్చి ఉంటే, పెద్దవాళ్ల ప్రయాణానికి ముందే దాన్ని ఎవరు చూస్తారో ఖాయం చేసుకుని, వారానికోసారి వీడియో కాల్లో మనుషులతో పాటు దాన్నీ చూడండి. తర్వాత ఇక్కడికి తెచ్చుకుంటాంలే అనుకునేవాళ్లకు ఒక మాట. 2024 ఆగస్టు నుంచి ఇండియాలో టీకా వేసిన కుక్కకు మైక్రోచిప్, రేబిస్ టీకా కాగితాలతో పాటు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) గుర్తించిన కేంద్రంలో ముందస్తు బుకింగ్ కూడా కావాలి.

నల్లోడు పోయిన ఏడాది పోయాడు. తర్వాత ఊరెళ్లినప్పుడు అక్కకు కవర్లో పదివేలు పెట్టి ఇచ్చాను. వద్దంటుందేమో అనుకున్నాను, అనలేదు. అక్కడే లెక్కపెట్టి, గల్లాపెట్టె కింద నుంచి అగరుబత్తి డబ్బా అట్టముక్క తీసింది. కంపౌండర్ చేతిరాతతో మందుల షాపు బాకీలు, ఇంజక్షన్లు, కింద "ఆటో కడిగినందుకు 150". అన్నీ కూడి, నాలుగు వందలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి ఎక్కువైనయ్ తమ్మీ."