పశువు రక్తం చూసేదెవరు?

నల్లి లాంటి చిన్న పురుగు కుడితే మనిషికి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం పేరు వినబడితే చాలు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అధికారులు పరుగులు పెడతారు. మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది కాబట్టి అది తప్పు కాదు. కానీ ఏడాది పొడవునా పశువుల ఒంటిని పట్టుకుని ఉండే గోమార్లు (పిడుదులు) మోసే జబ్బుల మీద ఆ హడావుడిలో పదో వంతు కూడా కనిపించదు.

జెర్సీ ఆవు మేత మానేస్తుంది. పాలు పడిపోతాయి. కనురెప్ప తిప్పి చూస్తే లోపల పాలిపోయి ఉంటుంది. అది అనాప్లాస్మా అనే బ్యాక్టీరియా కావచ్చు, దానికి ఆక్సీటెట్రాసైక్లిన్ పనిచేస్తుంది. గోమార్ల వల్లే వచ్చే థైలేరియా, బబీషియా మాత్రం బ్యాక్టీరియా కావు, రక్తంలో బతికే ఏకకణ పరాన్నజీవులు, వాటి మందులు వేరు. ఏ జబ్బో తెలియాలంటే చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడాలి. ఆ ఒక్క పనే జరగడం లేదు. ఒక ఇంజెక్షన్, తగ్గకపోతే ఇంకోటి, చనిపోతే గొయ్యి.

బతికిన ఆవు కూడా అనాప్లాస్మాను ఒంట్లో మోస్తూనే ఉంటుంది. దాన్ని ఆలమండ సంతలోనో, నారాయణవలస సంతలోనో అమ్మితే జబ్బు కొత్త ఊరు చేరినట్టే. ఒకే సూదితో వరసగా పశువులకు పొడిచినా అంటుకుంటుంది. ఆ పాపం గోమారిది కాదు, సూది మార్చనివాళ్లది.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు, అడవి పందులు తిరిగే చోటే మన మందలు మేస్తాయి. కొన్ని జాతుల గోమార్లు పిల్ల దశలో కుందేళ్లు, ఎలుకలు, పక్షుల మీద బతికి, పెద్దయ్యాక పశువునెక్కుతాయి. కుక్కకు ఎర్లీషియా అనే రక్తపు జబ్బు అంటించే గోమారి మనిషిని కుడితే టిక్ టైఫస్ అనే జ్వరం కూడా రావచ్చు. ఇలా అడవికీ పాకకీ ఇంటికీ రాకపోకలుంటే, అటవీ, పశుసంవర్ధక, వైద్య శాఖలు మాత్రం ఎవరి ఫైలు వాళ్లు చూసుకుంటున్నాయి. రక్తం ఎవరూ చూడరు.

సిబ్బంది చాలరని, గోమార్లు తాతల నాటి నుంచీ ఉన్నవేనని అంటారు. ఉన్నాయి. అప్పుడు పాకల్లో ఉన్నవి కాస్త తట్టుకునే నాటు ఆవులు. ఇప్పుడున్నవి అప్పు చేసి కొన్న సంకరజాతి ఆవులు. ఒకటి పోతే ఆ ఇంటికి వాయిదా కట్టే దారి ఉండదు.

మనిషి, పశువు, అడవి ఆరోగ్యం ఒకటేనంటూ 2022లో నాగ్‌పూర్‌లో జాతీయ వన్ హెల్త్ సంస్థకు శంకుస్థాపన చేశారు. ఆ మాట మన పశువులాసుపత్రి గుమ్మం దాకా రాకపోతే ఏం లాభం? వానలకు ముందే సంతల దగ్గర రక్త నమూనాలు తీయించాలి. ప్రతి పశువైద్యశాలలో పనిచేసే మైక్రోస్కోప్, దాన్ని చూడగలిగే మనిషి ఉండాలి. ఫలితాలు మూడు శాఖలకూ అందాలి. మనుషులు పోయాక సమీక్షలు పెట్టడానికి కలెక్టర్లకు తీరిక దొరుకుతోంది. బతికున్న ఆవు చెవి నుంచి ఒక్క చుక్క రక్తం తీయించడానికి ఎందుకు దొరకడం లేదో వాళ్లే జవాబు చెప్పాలి.