పాల్ బన్యన్ కంపెనీ కల్పన కాడు

అమెరికా జానపద కథల్లోని భారీకాయుడైన కలప కూలీ పాల్ బన్యన్‌ను 1914లో ఒక కలప కంపెనీ ప్రకటనల కోసం పుట్టించిందనీ, అడవి కూలీలు అతని పేరే వినలేదనీ, కాబట్టే పండితులు అతన్ని బూటకపు జానపదంగా తేల్చేశారనీ ఒక మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఇందులో నిజం కొంత ఉన్నా తీర్పు మాత్రం తప్పు.

ముందుగా తేదీలు చూడాలి. ఆ కలప కంపెనీ అయిన రెడ్ రివర్ తరఫున, ప్రకటనలు రాసే డబ్ల్యు. బి. లాఫ్‌హెడ్ బన్యన్ కథల కరపత్రం రాసింది 1914లోనే. కానీ అంతకు పదేళ్ల ముందే, 1904లో, మిన్నెసోటా రాష్ట్రంలోని డలూత్ పత్రిక ఒకటి, చెట్లు కొట్టే కూలీల శిబిరానికి కొత్తగా వచ్చినవాణ్ణి ఆటపట్టించడానికి పాతకాపులు పాల్ బన్యన్ నార్త్ డకోటాలో చెట్లు కొట్టించిన ఏడాది గురించి కోతలు కోస్తారని రాసింది. నార్త్ డకోటా చాలావరకు చెట్లులేని గడ్డిమైదానం. ఆ సంగతి తెలియని కొత్తవాడు నోరు తెరుచుకుని వినడమే అక్కడి వేడుక. 1906లో మిషిగన్‌లో జేమ్స్ మెక్‌గిలివ్రే అచ్చువేసిన కథలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది: దుంగలను ఏటిలో తేలగొట్టుకుంటూ పోయే కూలీలకు తమ శిబిరంలాంటిదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, చివరికి ఆ ఏరు మొదలూ తుదీ లేకుండా గుండ్రంగా తిరిగేదని తెలుస్తుంది. ఇంత సూటిగా పనివాళ్ల అనుభవంలోంచి వచ్చిన హాస్యం ప్రకటనల గదిలో తయారయ్యేది కాదని నా దృఢాభిప్రాయం.

ఇక లాఫ్‌హెడ్ అంతా ఊహించి రాశాడన్నది రెండో ఆరోపణ. అతను స్వయంగా మిన్నెసోటా శిబిరాల్లో పనిచేసి, అక్కడ విన్న కథలనే మలిచాడు. కథల్లో బన్యన్ వెంట ఉండే నీలి ఎద్దుకు బేబ్ అన్న పేరు పెట్టింది అతనేనన్నది నిజమే. బన్యన్ అడుగుజాడల్లో సరస్సులు ఏర్పడేంత పెద్దవాడైపోయింది కూడా ప్రధానంగా అచ్చులోకి ఎక్కాకనే. కూలీల కథల్లో అతను ముఖ్యంగా ఎంతటి పనినైనా చేయించగల మేస్త్రీ.

పండితుల తీర్పు అంటూ ఉదహరించేది అమెరికా జానపద పండితుడు రిచర్డ్ డార్సన్‌ను. 1950లో 'ఫేక్‌లోర్' (బూటకపు జానపదం) అన్న మాటను తెచ్చింది ఆయనే, బన్యన్‌ను ఉదాహరణగా చూపిందీ ఆయనే. అయితే ఆయన గురి, జానపదం పేరుతో అమ్ముడుపోయిన పుస్తకాల మీద. శిబిరాల్లో కొద్దిపాటి మౌఖిక సంప్రదాయం ఉండేదని ఆయనా ఒప్పుకున్నాడు. పుస్తకాల మీద మోపిన అభియోగాన్ని కూలీల కథలకు అంటగట్టడం డార్సన్‌కూ అన్యాయమే, రాత్రిళ్లు ఆ కథలు చెప్పుకున్న కూలీలకూ అన్యాయమే.