రియల్ టైమ్ గారికి ఒక విన్నపం

ఏ పనినైనా అది జరిగే వేగంతోనే నడిపించే మహారాజశ్రీ రియల్ టైమ్ గారి సముఖానికి కావలి నుంచి ఒక శ్రోత నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. తమరిని పిలవని చోట కూడా క్షేమంగా ఉన్నారని తెలిసి బెంగ పట్టుకుంది.

తమరు అసలే వద్దని నేననను. రొట్టెల పండగ నాడు నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు నుంచి ప్రత్యక్ష ప్రసారం ఇచ్చేటప్పుడు తమరే దిక్కు. దృశ్యం వచ్చినంత వేగంగా ఎన్‌కోడర్ దాన్ని కుదించలేకపోతే ప్రసారం ముక్కలవుతుంది. ఫోనులోనూ అంతే, మాటను 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి ఎప్పటికప్పుడు పంపేయాలి. ఇక క్యాసెట్టు: మామూలు డెక్కులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే జరుగుతుంది. గంట పద్యనాటకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే కృష్ణుడి రాగాలూ, జనం వన్స్ మోర్లూ అన్నీ భరిస్తూ గంటసేపు కూర్చోవాల్సిందే.

సరే, ఫైలు తయారైంది. ఇంకా తమరికి అక్కడ ఏం పని?

మా ఊరి దుకాణంలో ఆ వేవ్ ఫైలు (కుదించని ధ్వని) ఇచ్చి ఎంపీ3 (కుదించిన చిన్న ఫైలు) చేసిపెట్టమన్నాను. దుకాణదారు దాన్ని ఒక కంప్యూటర్‌లో పాడించి, హెడ్‌ఫోను రంధ్రం నుంచి వైరు లాగి, పక్క కంప్యూటర్ మైకు రంధ్రంలో గుచ్చి రికార్డింగు పెట్టాడు. "గంట నాటకానికి గంట పడుతుంది సార్, రియల్ టైమ్ కదా" అని తమరి పేరు చెప్పి టీకి వెళ్లాడు. ఈలోగా నాటకం పాడుతున్న కంప్యూటర్‌కు ఏదో మెయిలు వచ్చింది. ద్వాపరయుగంలో 'టింగ్'మన్న మోత ఇప్పుడు నా దగ్గర భద్రంగా ఉంది.

గంట స్టీరియో ధ్వని అంటే, సెకనుకు 44,100 నమూనాల (ధ్వనిని కొలిచిన అంకెల) లెక్కన, సుమారు 635 మెగాబైట్ల అంకెలు. అంకెల్ని కుదించడానికి ప్రాసెసర్ నాటకం వినక్కర్లేదు. 1,152 నమూనాల చొప్పున తీసుకుని సత్తా కొద్దీ పరుగెడుతుంది, టీ చల్లారేలోపు ముగిస్తుంది. కావాలంటే తీరిగ్గానూ చేయవచ్చు: మొదటిసారి మొత్తం చూసి కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుని, రెండోసారి అక్కడ బిట్లు ధారాళంగా ఖర్చుపెట్టవచ్చు. తమరి ఏలుబడిలో అది సాగదు, తరువాతి పద్యం ఇంకా పుట్టలేదు కాబట్టి.

కనుక తమరు ఆ దుకాణం తక్షణం ఖాళీ చేయవలెనని ప్రార్థన. దుకాణదారు ఒప్పుకుంటాడని మాత్రం హామీ ఇవ్వలేను. అతని బోర్డు మీద రేటు గంటల లెక్కన ఉంది.

ఇట్లు,
ఆ గంటకు డబ్బు కట్టిన శ్రోత