వేడర్ గారికి ఒక ఇల్లాలి విన్నపం

మహారాజశ్రీ వేడర్ గారికి,

తిరుపతి నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ క్షేమం నేను అడగక్కర్లేదు. మా బాత్రూమ్ తలుపు వెనక కొక్కేనికి తలకిందులుగా వేలాడుతూ ఆరుతున్నారు గనుక రోజూ చూస్తూనే ఉన్నాను. నీళ్లలో నిలబడి చేపలు పట్టేవాళ్లు తడవకుండా వేసుకునే బట్ట కదా తమరు, పాదాల నుంచి ఛాతీ దాకా ఒకటే తొడుగు, భుజాలకు రెండు సాగే పట్టీలు, కింద బొటనవేలంత మందాన సాక్సులు. నిన్న పనమ్మాయి తలుపు తీసి కెవ్వుమంది. ఎవరో ఉరేసుకున్నారనుకుందట.

మీ ఘనత తెలియక రాస్తున్నది కాదు. అమెరికాలో అట్లాంటిక్ ఒడ్డున ఏప్రిల్ అంటే సముద్రం నీళ్లు పది డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. చారల బాస్ చేపలు గుంపులు గుంపులుగా ఉత్తరానికి బయల్దేరే కాలం. వాటి కోసం అర్ధరాత్రి అలల్లో నిలబడేవాళ్లు లోపల థర్మల్, దాని మీద వెచ్చటి ఫ్లీస్, ఆపైన తమరు, తమరి మీద జాకెట్ వేసుకుంటారు. నడుముకు బెల్టు బిగిస్తారు, అల తోసేసినా నీళ్లు కాళ్లలోకి దిగకుండా. కాటన్ జోలికి పోరు, తడిస్తే చలి ఎముకలకెక్కుతుందని. రాళ్ల మీద జారకుండా బూట్లకు మేకులు కూడా. అక్కడ మీరు ప్రాణదాతలు, చేతులెత్తి మొక్కుతాను.

మా ఇంటాయన మాత్రం ఆ వీడియోలన్నీ చూసి, అదే ఏప్రిల్‌లో, మిమ్మల్ని తూపిలిపాళేనికి తీసుకుపోయారు. అక్కడి బంగాళాఖాతం నీళ్లు ఆ రోజుల్లో 28 డిగ్రీలు, గీజర్ వేయకుండానే తలంటు పోసుకోవచ్చు. రాళ్లు లేవు, ఉన్నదంతా ఇసక. అయినా మేకుల బూట్లూ వచ్చాయి.

ప్రయాణానికి ముందురోజు రాత్రి డైనింగ్ టేబుల్ మీద కంచాలకు చోటు లేదు. పన్నెండు అడుగుల రాడ్, రీలు, సీసం గుండ్లు, మెడలో వేసుకునే లైటు, పోటూ పాటూ చూపించే యాప్. ఎర కోసం తెచ్చిన రొయ్యలు ఫ్రిజ్‌లో నా పెరుగు గిన్నె పక్కన. శనివారం మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదని ఆయనకు తెలుసు, మీకు తెలియకపోవచ్చు. అంత సామానులో తాగడానికి నీళ్ల బాటిల్ లేదు. టోపీ లేదు.

అసలు ఘోరం, మిమ్మల్ని ఇంటి దగ్గరే తొడుక్కుని కారెక్కడం. అక్కడికెళ్లి వేసుకుంటే టైమ్ వేస్టట. శ్రీకాళహస్తిలో టీకి ఆగితే రాహుకేతు పూజకొచ్చిన జనమంతా ఆయన్ని జాలిగా చూశారు. ఇదేదో గట్టి దోషమే, పరిహారం కూడా గట్టిగానే చెప్పినట్టున్నారు అన్నట్టుగా. ఒక పెద్దావిడ అయితే దూరం నుంచే దణ్ణం పెట్టింది. టీ తాగినవాడికి నాయుడుపేట దగ్గర ఏమవసరం పడుతుందో మీకు చెప్పాలా? బెల్టు తీసి, పట్టీలు విప్పి, మిమ్మల్ని మోకాళ్ల దాకా దించేసరికి హైవే మీద మూడు బస్సుల వాళ్లు చూశారు.

తిరుమలలో కల్యాణోత్సవానికి కూర్చునే మగవాళ్లకు పంచె, కండువా చాలు. సాక్షాత్తు స్వామివారికి లేని పట్టింపు సముద్రుడికి ఎందుకండీ?

బీచ్‌లో ఒక ముసలాయన లుంగీ పైకి దోపి, తలకు తువ్వాలు చుట్టి, విసురువల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, మోటారు పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. ఆయన వల అంచు ఒకటి పళ్లతో కరిచిపట్టుకుని, అల విరిగేదాకా ఆగి, ఒక్క విసురు విసిరితే గుండ్రంగా పరుచుకుంది. అది అయ్యాక మా ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి అడిగాడు: "ఏంది సామీ, పైపు లైనేమన్నా పగిలిందా?"

మా ఆయన గాలం వేశారు. అరగంటకే బయటికొచ్చి మిమ్మల్ని విప్పితే ఆయన కుక్కర్లోంచి తీసిన శనక్కాయలా ఉన్నారు. సముద్రం చుక్క కూడా లోపలికి రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చెమట చుక్క కూడా బయటికి పోలేదు. బూట్లు తీసి ఒట్టి కాళ్లతో కారు దాకా నడిస్తే ఇసక చుర్రుమని కాలింది. రెండు రూపాయల షాంపూ ప్యాకెట్‌కున్న గిరాకీ కూడా ఆ రోజు మీకు లేదు, మిమ్మల్ని ఉచితంగా ఇస్తామన్నా ముసలాయన వద్దన్నాడు. నెత్తళ్లు మాత్రం కవర్లో పోసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, "ఆయన్ని నీడన కూర్చోబెట్టమ్మా" అన్నాడు.

మిమ్మల్ని తిరిగి పంపుదామంటే, తడిసిన సరుకు వాపసు తీసుకోరట. వాడేదే తడవడానికైతే మరి ఎప్పుడు చూసి తెలుసుకోవాలో!

కాబట్టి నా విన్నపం. ఇవాళ సాయంత్రంతో బాత్రూమ్ ఖాళీ చేసి అటక మీదికి దయచేయండి. మిమ్మల్ని వదిలేయడం లేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు కాలువలైనప్పుడు పాల ప్యాకెట్ కోసం ఈయన ప్యాంటు మడుచుకుని వెళ్లి, ప్యాంటు తడిపి, ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చారు. ఈసారి అలాంటి వాన పడితే కబురు పెడతాను. ఫ్లీస్ అక్కర్లేదు, బెల్టు మాత్రం మర్చిపోకండి. రెండు ప్యాకెట్లు, ఒకటి టోన్డ్, ఒకటి పెరుగు.

ఇట్లు,
మీ ఇంటావిడ